రివాల్వర్ రౌండ్లు సొంతంగా లోడ్ చేసుకునేవారికి: పౌడర్, బుల్లెట్ ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

రివాల్వర్ రౌండ్‌లో నాలుగే భాగాలు: ఇత్తడి కేసు, పౌడర్‌ని అంటించే ప్రైమర్, పౌడర్, బుల్లెట్. కేసు మళ్లీ మళ్లీ వాడుకునేదే. ప్రైమర్‌లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే కొత్తగా రీలోడింగ్‌లోకి వచ్చినవాళ్ల ప్రశ్నలన్నీ పౌడర్ చుట్టూ, బుల్లెట్ చుట్టూ తిరుగుతుంటాయి.

ఈ పేజీలో 'ఇన్ని గ్రెయిన్ల పౌడర్ వేయండి' అన్న లెక్క (గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు) ఎక్కడా కనిపించదు. ఆ అంకెను పౌడర్ కంపెనీగానీ బుల్లెట్ కంపెనీగానీ పరీక్షించి అచ్చువేసిన తాజా లోడింగ్ పట్టికలోంచే తీసుకోవాలి. ఆ పట్టిక ముందు కూర్చున్నప్పుడు మీ రివాల్వర్‌కి ఏది సరిపోతుందో ఎలా తేల్చుకోవాలన్నదే ఇక్కడి విషయం. లైసెన్సు, రీలోడింగ్‌కి అనుమతి, ఇంట్లో ఎంత పౌడర్ ఉంచుకోవచ్చు అన్నవి దేశానికో రకంగా ఉంటాయి. కొన్ని దేశాల్లో ఇంట్లో రౌండ్లు తయారుచేయడమే నేరం. ముందు అది కచ్చితంగా తెలుసుకున్నాకే మిగతావి.

ముందు పౌడర్ ఎంచుకోవాలా, బుల్లెట్ ఎంచుకోవాలా?

ముందు పని ఎంచుకోండి. కాగితం టార్గెట్ మీద రంధ్రాల గుంపు చిన్నగా రావాలా, ఇనుప పలకలు కొట్టాలా, వేటకి కావాలా అన్నది తేలితే వేగం ఎంత కావాలో తేలుతుంది. వేగం తేలితే బుల్లెట్ బరువు, రకం తేలతాయి. పౌడర్ ఆ తర్వాతే.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. దొరికిన పౌడర్ డబ్బా కొనేసి, దానికి బుల్లెట్ వెతుక్కుంటారు. అలాంటప్పుడే లైట్ లోడ్‌కి (తక్కువ బలం రౌండ్‌కి) పనికిరాని పౌడర్‌తో లైట్ లోడ్ చేయబోవడం, మాగ్నమ్‌కి (ఎక్కువ ఒత్తిడితో పేలే బలమైన రౌండ్‌కి) సరిపోని పౌడర్‌ని మాగ్నమ్ కేసులో కుక్కబోవడం జరుగుతాయి. రెండూ ప్రమాదమే.

'వేగంగా మండే' పౌడర్, 'నెమ్మదిగా మండే' పౌడర్ అంటే తేడా ఏమిటి?

స్మోక్‌లెస్ పౌడర్, అంటే పొగ తక్కువగా వచ్చే ఇప్పటి పౌడర్, పేలదు, మండుతుంది. ఎంత త్వరగా మండుతుందన్నది గింజ పరిమాణం, ఆకారం, పైన వేసిన పూత, లోపల నైట్రోగ్లిజరిన్ ఉందా లేదా అన్నవాటి మీద ఆధారపడుతుంది. మూసిన చోట ఒత్తిడి పెరిగేకొద్దీ మంట వేగం కూడా పెరుగుతుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే మిగతా సగం జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి.

వేగంగా మండేవి బుల్లెట్ కదలడం మొదలుపెట్టగానే ఒత్తిడి శిఖరానికి చేరి దిగిపోతాయి. నెమ్మదిగా మండేవి బుల్లెట్ బ్యారెల్లో ముందుకు పోతున్నంతసేపూ వెనక నుంచి నెడుతూనే ఉంటాయి. ఆగిన బండిని ఒక్క గుద్దు గుద్ది కదపడానికీ, భుజం ఆనించి నెట్టుకుంటూ పోవడానికీ ఉన్న తేడా లాంటిది ఇది. బరువైన బండిని పెద్ద వేగానికి తేవాలంటే రెండో పద్ధతే సురక్షితం.

రివాల్వర్లలో తరచూ వినిపించే పేర్లు చూస్తే బుల్స్‌ఐ, టైట్‌గ్రూప్, హెచ్‌పీ-38 వేగమైన వైపు ఉంటాయి. యునీక్ మధ్యలో ఉంటుంది. 2400, హెచ్110 నెమ్మదైనవి. హెచ్‌పీ-38, డబ్ల్యూ231 ఒకే పౌడర్, రెండు పేర్లు. హెచ్110, డబ్ల్యూ296 సంగతీ అంతే. అయినా మీ చేతిలో ఉన్న డబ్బా మీద ఏ పేరుందో ఆ పేరుతో ఉన్న పట్టికే చూడండి.

పౌడర్లని మంట వేగం ప్రకారం పేర్చిన బర్న్ రేట్ చార్టు వరసను మాత్రమే చెబుతుంది. పక్కపక్కనే ఉన్నాయి కదా అని ఒకదాని లెక్కను ఇంకోదానికి వాడకూడదు. ఆ వరసలో రెండు పేర్ల మధ్య దూరం ఎంతో చార్టులో ఉండదు.

.38 స్పెషల్ కేసులో పౌడర్ అడుగున ఎక్కడో కనిపిస్తోంది. ఇంత తక్కువేనా?

అంతే. భయపడాల్సింది పౌడర్ తక్కువగా ఉన్నందుకు కాదు, పైన అంత ఖాళీ ఉన్నందుకు.

.38 స్పెషల్ 19వ శతాబ్దం చివర్లో నల్ల తుపాకిమందు రోజుల్లో పుట్టింది. .45 కోల్ట్ అంతకంటే పాతది, 1873 నాటి సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌తో పాటు పేరుకెక్కింది. నల్ల తుపాకిమందు చాలా చోటు తీసుకుంటుంది కాబట్టి కేసులు పొడవుగా, విశాలంగా చేశారు. ఇప్పుడు అదే కేసులో స్మోక్‌లెస్ పౌడర్ కొద్ది గ్రెయిన్లు వేస్తే సరిపోతుంది. అంత చిన్న మోతాదు అంత పెద్ద గూట్లో పడితే రెండు సమస్యలు వస్తాయి.

మొదటిది డబుల్ చార్జ్. వేగంగా మండే, గింజ బరువైన పౌడర్ అయితే ఒకే కేసులో రెండు మోతాదులు పడినా పొర్లదు. మూడు పడినా పట్టే సందర్భాలున్నాయి. పైన బుల్లెట్ కూర్చోబెట్టాక ఆ రౌండ్‌కీ మిగతావాటికీ కంటికి తేడా తెలియదు. ఇలాంటి రౌండ్ సిలిండర్‌ని చీల్చేస్తుంది, దాని పైన ఉండే ఫ్రేము పట్టీ టాప్ స్ట్రాప్‌ని విరగ్గొడుతుంది.

అందుకే కొత్తవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: మీకు కావలసిన వేగాన్నిచ్చే పౌడర్లలో కేసుని ఎక్కువగా నింపేదాన్ని ఎంచుకోండి. ఒక మోతాదు కేసులో సగానికి పైగా వస్తే రెండో మోతాదు పడగానే అంచు మీదుగా పొర్లిపోతుంది, మీ కంట పడకుండా పోదు. యునీక్ పొరల్లా పలచగా, ఉబ్బుగా ఉంటుంది. అదే బరువుకి టైట్‌గ్రూప్ కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది. ట్రైల్ బాస్‌ని ఈ ఖాళీ నింపడానికే ప్రత్యేకంగా తయారుచేశారు. పెద్ద పాత కేసుల్లో తక్కువ వేగం లోడ్లకి అది ఎంతో బాగుండేది, కానీ ఇప్పుడు అల్మారాల్లో కనబడటం లేదు.

రెండోది పౌడర్ కేసులో ఎక్కడ ఉందన్న సమస్య. రివాల్వర్‌ని కిందికి వంచి పైకెత్తి పేలిస్తే పౌడర్ బుల్లెట్ వైపు చేరి ఉంటుంది. పైకెత్తి కిందికి దించి పేలిస్తే ప్రైమర్ వైపు చేరి ఉంటుంది. కొన్ని పౌడర్లతో ఈ రెంటి మధ్య వేగంలో గుర్తించదగ్గ తేడా వస్తుంది. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే రెండు రకాలుగానూ కొన్ని రౌండ్లు పేల్చి చూడండి. టైట్‌గ్రూప్ ఈ విషయంలో నిలకడగా ఉంటుందని పేరు. కానీ మోతాదు చిన్నది కావడం వల్ల డబుల్ చార్జ్ భయం అందులోనే ఎక్కువ. ఒక మంచి గుణం వెనక ఒక చెడ్డ గుణం వస్తుంది, మీకు ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

ఏ పౌడరైనా సరే, కేసుల్ని లోడింగ్ బ్లాక్‌లో నిలబెట్టి పౌడర్ వేశాక బుల్లెట్ పెట్టడానికి ముందు మంచి లైటు కింద ఒక్కో కేసులోకీ తొంగి చూడండి. వరస మొత్తంలో పౌడర్ మట్టం ఒకేలా ఉండాలి. ఒక్క కేసులో వెలుతురు కాస్త పైన పడినట్టు కనిపించినా, కాస్త లోతుగా అనిపించినా దాన్ని తిరగేసి మళ్లీ తూచండి. ఫోన్ మోగితేనో, ఎవరైనా పిలిస్తేనో మధ్యలో లేచి వెళ్లారా, తిరిగొచ్చాక ఆ బ్లాక్ మొత్తాన్ని మళ్లీ చూడండి.

హెచ్110 తక్కువ వేసి మెత్తని మాగ్నమ్ లోడ్ చేసుకోవచ్చా?

వద్దు. ఈ ఒక్కదాంట్లో బేరం లేదు.

హెచ్110, డబ్ల్యూ296 గుండ్రటి గింజల పౌడర్. పైన మందమైన పూత ఉంటుంది. అది అంటుకోవడానికి వేడి ప్రైమర్ కావాలి, నిలకడగా మండడానికి ఒత్తిడి కావాలి. కేసు దాదాపు నిండుగా, బుల్లెట్ బరువుగా, క్రింప్ (బుల్లెట్ కదలకుండా కేసు అంచుని లోపలికి నొక్కిన మడత) గట్టిగా ఉంటేనే అది సరిగ్గా మండుతుంది. మోతాదు తగ్గిస్తే కేసులో ఖాళీ పెరుగుతుంది, ఒత్తిడి పడిపోతుంది, మంట మధ్యలో తడబడుతుంది. బుల్లెట్ బ్యారెల్లోనే ఆగిపోవచ్చు. అది గమనించక తర్వాతి రౌండ్ పేలిస్తే బ్యారెల్ ఉబ్బడమో పగలడమో ఖాయం. పట్టికలో ఉన్న లోడ్‌ని 3 శాతానికి మించి తగ్గించొద్దని కంపెనీయే చెబుతుంది. పట్టికలో మాగ్నమ్ ప్రైమర్ అని ఉంటే మాగ్నమ్ ప్రైమరే వాడాలి.

మామూలు పద్ధతేమో 'గరిష్ఠ మోతాదుకి 10 శాతం తగ్గించి మొదలుపెట్టు' అన్నది. మిగతా పౌడర్లకి అది మంచి అలవాటే. ఆ అలవాటుతోనే ఇక్కడ చాలామంది చిక్కుల్లో పడతారు. మాగ్నమ్ కేసులో కాస్త వెసులుబాటు కావాలనుకునేవాళ్లకి 2400 బాగుంటుంది. వేగంలో హెచ్110 అంత ఎత్తుకి వెళ్లకపోయినా, కాస్త కిందికి దించినా మర్యాదగా మండుతుంది. నడిమి లోడ్లకి యునీక్ ఉండనే ఉంది.

బుల్లెట్ వ్యాసం పెట్టె మీద సరిగ్గానే ఉంది. అయినా బ్యారెల్ నిండా సీసం అంటుకుంటోంది, ఎందుకు?

ఎక్కువసార్లు కారణం బుల్లెట్ సన్నగా ఉండటమే. మెత్తగా ఉండటం కాదు.

రివాల్వర్‌లో బుల్లెట్ ప్రయాణం వింతగా ఉంటుంది. ముందు సిలిండర్లో రౌండ్ కూర్చునే చాంబర్ ముందు భాగంలోని సన్నని గొంతు దాటాలి. తర్వాత సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఉన్న సన్నని సందు దాటాలి. ఆ తర్వాత బ్యారెల్ మొదట్లో గరాటులా ఉండే ఫోర్సింగ్ కోన్‌లో పడి రైఫిలింగ్‌ని, అంటే బుల్లెట్‌ని తిప్పే మెలికల గాళ్లని పట్టుకోవాలి. ఆ గొంతుని బుల్లెట్ నిండుగా పట్టకపోతే వేడి గ్యాస్ పక్కల నుంచి దూసుకుపోతుంది, సీసాన్ని కోసుకుంటూ పోతుంది. ఆ కోసిన సీసమే బ్యారెల్ మొదట్లో పేరుకుపోయేది.

.38 స్పెషల్, .357 మాగ్నమ్‌లకి రాగి తొడుగు బుల్లెట్ 0.357 అంగుళాలు, సీసపు బుల్లెట్ మామూలుగా 0.358. .44 మాగ్నమ్‌కి తొడుగుది 0.429, సీసంది 0.430. .45 కోల్ట్‌కి ఇప్పటి రివాల్వర్లలో 0.452. పాత వాటిలో 0.454 కూడా కావలసి వస్తుంది. ఇవి మొదలుపెట్టడానికే. మీ సిలిండర్ ఏమంటుందో అదే ఫైనల్.

కొలిచే పద్ధతి సులువు. రివాల్వర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, సిలిండర్‌ని ఊడదీసి, శుభ్రం చేయండి. మీరు వాడబోయే సీసపు బుల్లెట్‌ని చాంబర్ ముందు వైపు నుంచి గొంతులో పెట్టి వేలితో నొక్కండి. తనంతట తానే జారి పడిపోతే సన్నం. ఎంత నొక్కినా లోపలికి పోకపోతే లావు. పెన్సిల్ వెనక కొసతో మెత్తగా నెడితే కాస్త పట్టుతో దిగాలి. ఆరు గొంతులూ చూడండి. ఆరూ ఒకేలా ఉండాలని రూలేం లేదు. ఒకటి బిగుతుగా, ఇంకోటి వదులుగా ఉన్న సిలిండర్లు ఎన్నో ఉన్నాయి. గుంపులోంచి ఒక రౌండ్ ఎప్పుడూ ఒకే పక్కకి పోతుంటే అది ఏ చాంబర్‌దో గుర్తుపెట్టి చూడండి.

ఇంకో సంగతి. గొంతు బ్యారెల్ కంటే సన్నగా ఉంటే మీరు ఎంత లావు బుల్లెట్ కొన్నా అది గొంతులోనే సన్నబడి, బ్యారెల్‌కి వదులుగా చేరుతుంది. కొన్ని .45 కోల్ట్ రివాల్వర్లలో ఈ లోపం ఉండేది. అది బుల్లెట్ మార్చితే పోయేది కాదు, గన్‌స్మిత్ చేత గొంతుల్ని సరిచేయించాలి.

మరి సీసం ఎంత గట్టిగా ఉండాలి?

'గట్టిగా ఉంటే మంచిది' అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. నేను ఒప్పుకోను.

శుద్ధమైన సీసం గట్టిదనం చెప్పే బ్రినెల్ కొలతలో 5 చుట్టూ ఉంటుంది. 90 శాతం సీసం, 5 శాతం తగరం, 5 శాతం ఆంటిమొని కలిపిన లైమన్ నంబర్ 2 మిశ్రమం 15 చుట్టూ, అచ్చు పరిశ్రమలో వాడిన లైనోటైప్ 22 చుట్టూ ఉంటాయి. .38 స్పెషల్ గరిష్ఠ ఒత్తిడి అమెరికా ప్రమాణాల సంస్థ సామి లెక్క ప్రకారం 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .357 మాగ్నమ్‌కి 35,000. తక్కువ ఒత్తిడి లోడ్‌లో మరీ గట్టి బుల్లెట్ వాడితే దాని అడుగు భాగం ఉబ్బి గొంతుని మూయదు, గ్యాస్ పక్కనుంచి జారుతుంది. మెత్తని టార్గెట్ లోడ్లకి మెత్తని సీసం, మాగ్నమ్‌కి గట్టిది. మాగ్నమ్ వేగంలో సీసమే కావాలంటే అడుగున రాగి మూత, అంటే గ్యాస్ చెక్ ఉన్నది చూడండి.

వ్యాసం సరిగ్గా ఉంటే గట్టిదనంలో కాస్త అటూఇటూ అయినా నడుస్తుంది. వ్యాసం తప్పితే ఏ మిశ్రమమూ కాపాడదు.

వాడ్‌కట్టర్, సెమీ వాడ్‌కట్టర్, రౌండ్ నోస్... ఏది?

కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం పడాలంటే ముందు భాగం బల్లపరుపుగా ఉండే వాడ్‌కట్టర్. .38 స్పెషల్‌లో 148 గ్రెయిన్లది అందరికీ తెలిసిందే. దాన్ని కేసు అంచు దాకా లోపలికి దించుతారు. అంటే కేసు లోపలి చోటు బాగా తగ్గిపోతుంది. అదే పౌడర్ అదే మోతాదులో 158 గ్రెయిన్ల బుల్లెట్‌కి మామూలుగా ఉన్నా, లోతుగా దిగిన వాడ్‌కట్టర్‌తో ఒత్తిడి ఎక్కువ కావచ్చు. బుల్లెట్ తేలికగా ఉంది కదా అని పెద్ద మోతాదు వేయకూడదన్నమాట. అడుగు బోలుగా ఉండే రకం హాలో బేస్ వాడ్‌కట్టర్ ఇంకా సున్నితం. ఎక్కువ వేగంలో ఆ పల్చటి పావడా విడిపోయి బ్యారెల్లో ఉండిపోతుంది. దాన్ని మెత్తని టార్గెట్ లోడ్‌కే ఉంచండి. తలకిందులుగా కూర్చోబెట్టే ప్రయోగాలు మీకెందుకు?

అన్ని పనులకీ పనికొచ్చేది సెమీ వాడ్‌కట్టర్. భుజం దగ్గర పదునైన అంచు, ముందు చదునైన ముక్కు, మధ్యలో గ్రీజు గాడి, పైన క్రింప్ గాడి. ఇడాహోలో ఉండి రివాల్వర్ల గురించి దశాబ్దాల పాటు రాసిన ఎల్మర్ కీత్ రూపొందించిన ఆకారం ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. 1955లో బయటికొచ్చిన .44 మాగ్నమ్ వెనక కూడా ఆయన పట్టుదల ఉంది. .38కి 158 గ్రెయిన్లు, .44కి 240 చుట్టూ, .45 కోల్ట్‌కి 255 చుట్టూ ఉన్న సెమీ వాడ్‌కట్టర్లతో మొదలుపెడితే పట్టికల్లో డేటాకి కొదవ ఉండదు.

రౌండ్ నోస్ స్పీడ్‌లోడర్‌తో (రౌండ్లన్నిటినీ ఒక్కసారే నింపే పరికరంతో) చాంబర్లలోకి సులువుగా జారుతుంది. అంతకు మించి దానికి ప్రత్యేకత లేదు.

ప్లేటెడ్, కోటెడ్, జాకెటెడ్: మూడింట్లో తేడా ఏమిటి?

ప్లేటెడ్ అంటే సీసం మీద ఎలక్ట్రోప్లేటింగ్‌తో వేసిన పల్చటి రాగి పొర. గట్టి రోల్ క్రింప్ వేస్తే పొర తెగుతుంది, ఎక్కువ వేగంలో ఊడిపోతుంది. తయారీదారు చెప్పిన వేగ పరిమితి దాటొద్దు. కోటెడ్ అంటే పాలిమర్ పూత. పొగ తక్కువ, గ్రీజు అంటుకోదు, సీసపు డేటాతో నడుస్తుంది. పొదుపుగా ఎక్కువ పేల్చేవాళ్లకి ఇప్పుడు నేను చెప్పేది ఇదే. జాకెటెడ్ అంటే మందమైన రాగి తొడుగు, మాగ్నమ్ వేగాలకి.

జాకెటెడ్‌తో మరీ మెత్తని లోడ్ చేయొద్దు. తొడుగు బ్యారెల్‌ని గట్టిగా పట్టుకుంటుంది, పైగా సిలిండర్ సందులోంచి కొంత గ్యాస్ పోతూనే ఉంటుంది. వేగం చాలకపోతే బుల్లెట్ మధ్యలో ఇరుక్కుంటుంది. పేల్చినప్పుడు చప్పుడు మందంగా వచ్చినా, చేతికి దెబ్బ తక్కువగా అనిపించినా అక్కడే ఆగి, రివాల్వర్‌ని ఖాళీ చేసి, బ్యారెల్లో ఏమైనా ఉందేమో చూడాలి. వెనకాల ఎంతమంది వరసలో ఎదురు చూస్తున్నా సరే.

బుల్లెట్ బరువు మారిస్తే గురి ఎందుకు మారుతోంది?

బరువైన బుల్లెట్ బ్యారెల్లో ఎక్కువసేపు ఉంటుంది. ఈలోగా రివాల్వర్ ముక్కు పైకి లేస్తుంది. కాబట్టి అదే గురితో బరువైనది పైన, తేలికది కింద తగులుతుంది. రైఫిల్ అలవాటున్నవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. సైట్లు కదలని .38 రివాల్వర్లను ఎక్కువగా 158 గ్రెయిన్లకే సరిచేసి ఉంచుతారు. మీది కదలని సైట్ అయితే బరువుని మార్చే ముందు ఆలోచించండి.

.357లో 125 గ్రెయిన్ల తేలిక బుల్లెట్లని పూర్తి మాగ్నమ్ వేగంతో ఎడతెగకుండా పేలిస్తే మధ్యస్థ సైజు ఫ్రేముల్లో ఫోర్సింగ్ కోన్ త్వరగా అరుగుతుంది. పగిలినవీ ఉన్నాయి. టాప్ స్ట్రాప్ కింద కూడా మంట గీత కోస్తుంది. రోజూ సాధన చేసే రివాల్వర్‌కి ఆ బరువు ఎంచుకోవడం దాని ఆయుష్షుని తగ్గించడమే.

క్రింప్‌కీ బుల్లెట్ ఎంపికకీ సంబంధం ఉందా?

చాలా ఉంది. మీరు ఒక రౌండ్ పేల్చినప్పుడు సిలిండర్లో మిగిలిన ఐదూ ఆ కుదుపుని తింటాయి. కేసు వెనక్కి లాగబడుతుంది, బుల్లెట్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. పట్టు చాలకపోతే బుల్లెట్ ముందుకి పాకి, సిలిండర్ ముఖం దాటి, బ్యారెల్ అంచుకి తగిలి సిలిండర్ తిరగకుండా బిగుసుకుంటుంది. తేలిక లోహంతో చేసిన చిన్న రివాల్వర్లలో ఇది మరీ ఎక్కువ. కొన్నిటి మీద ఏ బరువు లోపు వాడకూడదో తయారీదారే చెక్కి ఉంచుతాడు, చూసుకోండి.

బలమైన లోడ్‌కి క్రింప్ గాడి ఉన్న బుల్లెట్ తప్పనిసరి. పరీక్ష ఇలా చేయండి: ఒక రౌండ్ పొడవుని కాలిపర్‌తో కొలిచి గుర్తుపెట్టి చివరి చాంబర్లో ఉంచండి. మిగతా ఐదూ పేల్చి, దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగిందంటే క్రింప్ చాలదు, లేదా కేసు మెడ బుల్లెట్‌ని సరిగ్గా పట్టడం లేదు.

ప్రైమర్ చదును కాలేదు. అంటే ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టేనా?

కాదు. ప్రైమర్ చదునవడం, కేసు ఇరుక్కోవడం లాంటి గుర్తులు చాలా ఎక్కువ ఒత్తిడి దగ్గరే బయటపడతాయి. .38 స్పెషల్, .44 స్పెషల్, .45 కోల్ట్ అసలు తక్కువ ఒత్తిడి రౌండ్లు. సామి లెక్కలో .45 కోల్ట్‌కి గరిష్ఠం 14,000 పీఎస్ఐ మాత్రమే. అక్కడ ప్రైమర్ గుర్తు చూపించేసరికి మీరు హద్దు ఎప్పుడో దాటేసి ఉంటారు. పేల్చిన కేసులు వేలితో నొక్కగానే జారి రాకుండా మొండికేస్తే అక్కడే ఆగండి. కానీ సులువుగా వచ్చాయి కదా అని ఇంకాస్త పెంచకండి. హద్దు చెప్పేది పట్టికే.

.38 స్పెషల్ రౌండ్లు .357 రివాల్వర్‌లో వాడొచ్చా?

వాడొచ్చు. .357 కేసు 1.290 అంగుళాలు, .38ది 1.155. పొట్టి కేసు ముందు చాంబర్లో మసి వలయం కడుతుంది. తర్వాత .357 రౌండ్లు వేసే ముందు దాన్ని బ్రష్‌తో తీసేయండి. .357 లోడ్‌ని .38 కేసులో వేయడం మాత్రం ఎప్పటికీ వద్దు. ఎవరి పాత .38 రివాల్వర్‌లోకి ఆ రౌండ్ వెళుతుందో మీకు తెలియదు.

పట్టికలో .45 కోల్ట్‌కి 'రూగర్ మాత్రమే' అని విడిగా ఉంది. అదేమిటి?

రూగర్ బ్లాక్‌హాక్ లాంటి దళసరి సిలిండర్ రివాల్వర్ల కోసం ఎక్కువ ఒత్తిడితో ఇచ్చిన లోడ్లవి. కోల్ట్ సింగిల్ యాక్షన్‌లోగానీ, దాని నకళ్లలోగానీ, పాత రివాల్వర్లలోగానీ వాడకూడదు. అలాంటి రౌండ్ల పెట్టె మీద ఎర్ర స్కెచ్‌తో పెద్దగా రాసి వేరే అరలో పెట్టండి. ఇంట్లో రెండు రకాల .45 కోల్ట్ రివాల్వర్లుంటే అసలు ఆ లోడ్ చేయకపోవడమే మేలు. నల్ల తుపాకిమందు కాలపు రివాల్వర్ అయితే స్మోక్‌లెస్ జోలికే వెళ్లొద్దు, గన్‌స్మిత్‌కి చూపించండి.

పౌడర్ చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

మూత తీయగానే ముక్కుకి ఘాటుగా ఆమ్లం వాసన కొట్టినా, ఎర్రటి గోధుమరంగు దుమ్ముగానీ ఆవిరిగానీ కనిపించినా పాడైనట్టే. తయారీదారు చెప్పిన పద్ధతిలో వదిలించుకోండి. పౌడర్‌ని ఎప్పుడూ సొంత డబ్బాలోనే, చల్లని పొడి చోట ఉంచాలి. బల్ల మీద ఒకసారికి ఒకే డబ్బా. పని అయ్యాక పౌడర్ కొలిచి పోసే మెజర్‌లో మిగిలింది అదే డబ్బాలోకి వెంటనే పోయండి. 'ఇది ఏ పౌడరో?' అన్న అనుమానం వచ్చిందంటే అది ఏ పౌడరూ కాదు, పారేయాల్సిందే. రంగు, గింజ చూసి గుర్తుపట్టడం ఎవరివల్లా కాదు.

సీసం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. బుల్లెట్లు ముట్టుకున్న చేత్తో ఏమీ తినకండి. పాత ప్రైమర్ల మసిలోనూ సీసం ఉంటుంది, కేసుల్ని శుభ్రం చేసే టంబ్లర్ మూత తీసినప్పుడు లేచే దుమ్ములో అదే ఉంటుంది. ఆ పని బయట గాలిలో చేయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, చేతులు సబ్బుతో కడగండి.

ఒకే పౌడర్, ఒకే బుల్లెట్‌తో నడిపించుకోవచ్చా?

.38 లేదా .357 రివాల్వర్ ఒక్కటే ఉన్నవాళ్లయితే హాయిగా నడుస్తుంది. గొంతుకి సరిపోయిన 158 గ్రెయిన్ల కోటెడ్ సెమీ వాడ్‌కట్టర్, ఒక డబ్బా యునీక్. యునీక్ పొరల పౌడర్ కాబట్టి మెజర్‌లోంచి హెచ్‌పీ-38 అంత సాఫీగా జారదు. హ్యాండిల్‌ని ప్రతిసారీ ఒకే బలంతో, ఒకే తీరులో తిప్పి, మధ్యమధ్యలో ఒక మోతాదుని త్రాసు మీద చూసుకోవాలి. త్రాసుని కూడా మొదలుపెట్టే ముందు చెక్ వెయిట్లతో సరిచూసుకోవాలి. దానికి ఓపిక లేదనుకుంటే హెచ్‌పీ-38 తీసుకోండి, కానీ కేసులు తొంగి చూసే పని రెట్టింపు శ్రద్ధతో చేయాలి. పూర్తి మాగ్నమ్ కావాలన్న కోరిక వచ్చిన రోజు 2400 డబ్బా, క్రింప్ గాడి ఉన్న 158 గ్రెయిన్ల జాకెటెడ్ బుల్లెట్లు కొనండి. అప్పుడు కూడా యునీక్ డబ్బాని మూత బిగించి అల్మారాలో పెట్టాకే రెండోది బల్ల మీదికి తీయండి.